డీలరు దగ్గర గుర్రం మార్చుకునే ముందు

ప్రశ్న: మా దగ్గర 14 ఏళ్ల ఆడగుర్రం ఉంది. నెమ్మదైనది. కానీ చలికాలంలో పొద్దున్నే కుడి ముందుకాలు కాస్త పట్టేసినట్టు నడుస్తుంది, పది నిమిషాల్లో సర్దుకుంటుంది. మా అమ్మాయికి 15 ఏళ్లు, కంచెలు దూకించడం నేర్చుకుంటోంది, ఇక దీనితో కుదరదు. ఒక డీలరు ఏడేళ్ల గెల్డింగ్‌ను, అంటే విత్తులు తీసిన మగగుర్రాన్ని, చూపించాడు. మా గుర్రాన్ని తీసుకుంటాడట, పైన తేడా కడితే చాలట. వెళ్లి చూశాం. అమ్మాయి ఎక్కి తిరిగింది, గోవులా ఉంది. పశువైద్యుడి చేత ఈమధ్యే పరీక్ష చేయించానని కాగితం చూపించాడు. రేపు సాయంత్రం ఇంకెవరో చూడ్డానికి వస్తున్నారట, అడ్వాన్సు ఇచ్చి ఆపుకోమంటున్నాడు. ఇచ్చేయమంటారా?

జవాబు: ఈ రాత్రికైతే ఇవ్వకండి. డీలరు మోసగాడని అనడం లేదు, గుర్రం మంచిదే కావచ్చు. కానీ ఇంత పెద్ద ఉత్తరంలో ఒక్క సంగతి కనబడలేదు. ఆ గెల్డింగ్ ఎవరిది?

డీలరు సొంత డబ్బు పెట్టి కొని తన లాయంలో కట్టుకుని అమ్ముతుంటే, అమ్మకందారు అతనే. లోపం బయటపడితే మీరు అడగాల్సింది అతన్నే. వ్యాపారంగా అమ్మేవాడి మీద చాలా దేశాల చట్టాలు మామూలు యజమాని కంటే ఎక్కువ బాధ్యత పెడతాయి. అలా కాక యజమాని వేరే ఉండి, ఇతను కమీషన్ మీద అమ్మిపెడుతుంటే లెక్క మారిపోతుంది. అప్పుడు మీ ఒప్పందం మీరెప్పుడూ చూడని మనిషితో. మూడో రకం కూడా ఉన్నాడు, మీ తరఫున గుర్రం వెతికిపెడతానని మీ దగ్గర కమీషన్ తీసుకునేవాడు. ఈ మూడు పనులూ తప్పు కాదు. ఒకే మనిషి అవసరాన్ని బట్టి వేషం మార్చినప్పుడే చిక్కు. బేరం తెగేదాకా "మా గుర్రమే అండీ" అన్నవాడు, నెలకు కుంటి బయటపడ్డాక "నేను మధ్యవర్తిని, యజమానితో మాట్లాడుకోండి" అంటాడు. అందుకే ఆ మాట ఇప్పుడే రాతలో తీసుకోండి. తనదేనంటే ఎప్పుడు కొన్నాడో అడగండి. వేరేవాళ్లదైతే యజమాని పేరు, సంతకం, అమ్మిపెట్టమని ఇచ్చిన అధికారపత్రం అడగండి.

కమీషన్ సాధారణంగా ధరలో 10 నుంచి 15 శాతం ఉంటుంది. అది దాచాల్సిన విషయం కాదు. యజమాని 60 వస్తే చాలన్న గుర్రాన్ని మీకు 85 అని చెప్పి, మధ్యలో 25 జేబులో వేసుకుని, పైగా ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకోవడం ఈ వ్యాపారంలో పాత జబ్బు. దీనికి విరుగుడు ఒక్కటే. గుర్రం డబ్బు నేరుగా యజమానికి వెళ్లాలి, అమ్మకపు కాగితం మీద యజమాని సంతకం, ఆయనకు ముట్టిన మొత్తం ఉండాలి, మధ్యవర్తి కమీషన్‌కు వేరే రసీదు ఉండాలి. దీనికి ఒప్పుకోనివాడితో బేరం బర్రెను నీళ్లలో పెట్టి బేరమాడడమే.

ఇక మార్పిడి. డీలరు గెల్డింగ్‌కు 100 చెప్పి, మీ గుర్రానికి 40 కడతాను, పైన 60 ఇవ్వండి అన్నాడనుకుందాం. మీ గుర్రానికి బాగా కట్టాడని సంతోషిస్తారు. మార్పిడి లేకుండా రొక్కానికైతే ఎంత అని అడిగి చూడండి. 85 అంటే, మీ గుర్రానికి నిజంగా కట్టింది 25. చేతినుంచి పోయేది రెండు లెక్కల్లోనూ 60 అయినప్పుడు తేడా ఏమిటంటారేమో. గుర్రాన్ని వెనక్కి ఇవ్వాల్సి వచ్చిన రోజున తెలుస్తుంది. కాగితంలో "పాత గుర్రం, పైన 60" అని మాత్రమే ఉంటే డీలరు 60 తిరిగిచ్చి చేతులు దులుపుకుంటాడు. మీ ఆడగుర్రం అప్పటికే వేరే ఊరు పోయి ఉంటుంది. కాబట్టి రెండు గుర్రాలకూ విడివిడిగా ధరలు రాయించండి. బేరం రద్దయితే పాత గుర్రం తిరిగొస్తుందా, అమ్ముడుపోయి ఉంటే దాని బదులు ఎంత ఇస్తాడు అన్నదీ రాయించండి. ఇంకా మంచిది, రెండూ రెండు వేరే బేరాలుగా చేసుకోవడం.

మీ గుర్రం కాలు సంగతి డీలరుకు చెప్పారా? ఉత్తరంలో లేదు. చెప్పకపోతే చెప్పండి, అదీ రాతలోనే. "చలికాలంలో కుడి ముందుకాలు మొదటి పది నిమిషాలు బిగుసుకుంటుంది, కొన్నవారికి తెలియజేశాం" అన్న ఒక్క వాక్యం రేపు మీ మీదికి తగాదా రాకుండా కాపాడుతుంది. 14 ఏళ్లు గుర్రానికి ముసలితనం కాదు, 25 దాటి బతికేవి చాలా ఉన్నాయి. కానీ కాలు తేడా ఉన్న 14 ఏళ్ల గుర్రాన్ని డీలరు తన దగ్గర ఉంచుకోడు, వారం పదిరోజుల్లో చేతులు మారుస్తాడు. ఆ తర్వాత అది ఎవరి దగ్గరికి పోతుందో, కబేళా దాకా వెళ్తుందో మీ చేతిలో ఉండదు. "మళ్లీ అమ్మితే ముందు మాకే చెప్పాలి" అని రాయించుకోవచ్చు గానీ, ఆ మాట డీలరును కట్టేస్తుందే తప్ప అతని దగ్గర కొన్నవాడిని కట్టదు. మెల్లగా నడిపించుకునే పెద్దవాళ్లకో, కొత్తగా నేర్చుకునే పిల్లలకో ఉన్నదున్నట్టు చెప్పి మీరే అమ్మితే ధర కొంచెం తగ్గినా మనశ్శాంతి మిగులుతుంది. ముందుగా ఆ కాలును వైద్యుడికి చూపించండి. ఏమిటో తెలిసిన లోపం అమ్ముడుపోతుంది, తెలియనిదే భయపెడుతుంది.

ఇప్పుడు గెల్డింగ్ దగ్గరికి వద్దాం. మీరు చూసింది ఒక్కసారి, అదీ చెప్పి వెళ్లి. చెప్పి వెళ్తే గుర్రాన్ని సిద్ధం చేసి ఉంచుతారు. మీరు రాకముందు గంటసేపు పగ్గం మీద తిప్పి అలసట పెట్టి ఉండొచ్చు. నీళ్లు తగ్గించి నీరసపెట్టి ఉండొచ్చు. కొద్దిగా మత్తుమందు ఇచ్చి ఉండొచ్చు. మూడింటిలో ఏది చేసినా చూసేవాళ్లకు "గోవులా" కనబడుతుంది. రెండోసారి వెళ్లేటప్పుడు వేరే పూట ఎంచుకోండి. మేం వచ్చేదాకా లాయంలోంచి బయటికి తీయొద్దని చెప్పి, చెప్పిన టైము కంటే అరగంట ముందే వెళ్లండి.

వెళ్లగానే గుర్రాన్ని కాదు, లాయాన్ని చూడండి. తలుపు పైఅంచు చెక్క కొరికినట్టు గుండ్రంగా అరిగి ఉంటే అది పళ్లతో పట్టుకుని గాలి మింగే అలవాటున్న గుర్రం. తలుపు ముందు నేల రెండువైపులా గుంటపడితే ఊగే అలవాటు. పరిచిన గడ్డిలో గోడల వెంబడి గుండ్రంగా దారి పడి ఉంటే ఊరికే తిరుగుతూ ఉంటుందని. నీళ్ల బకెట్ ఉందా, దాని అడుగు పొడిగా ఉందా చూడండి. తర్వాత జీను వేసే చోట, ఛాతీ కింద చెయ్యి పెట్టండి. వెంట్రుకలు తడిగానో, ఎండిన చెమటతో అట్టకట్టినట్టో ఉంటే పొద్దుటి పని అయిపోయిందన్నమాట. భుజం దగ్గర చర్మాన్ని చిటికెతో లాగి వదలండి. వెంటనే సర్దుకోకుండా మడతలా నిలిచిపోతే ఒంట్లో నీళ్లు తక్కువ. పైపెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ మచ్చ రెండు సెకన్లలోపు గులాబీ రంగుకు రావాలి. మత్తులో ఉన్న గుర్రం తల వేలాడేస్తుంది, కంటి లోపలి మూలలోని మూడో రెప్ప కొంచెం బయటికి కనిపిస్తుంది. ఏస్‌ప్రోమజైన్ అనే మత్తుమందు ఇచ్చిన మగగుర్రాల్లో అంగం జారి వేలాడుతుంది, ఎంతసేపటికీ లోపలికి తీసుకోదు.

వయసు ఏడు అన్నారు, నోరు తెరిపించండి. గుర్రానికి ముందు పళ్లు 12, పైన ఆరు, కింద ఆరు. పాల పళ్లు మధ్యవి రెండున్నరేళ్లకు, పక్కవి మూడున్నరకు, మూలవి నాలుగున్నరకు ఊడి కొత్తవి వస్తాయి. ఐదేళ్లకు నోరు నిండుతుంది. కింది పళ్ల నమిలే ముఖం మీద ఉండే గుంట మధ్య పళ్లలో సుమారు ఆరేళ్లకు, పక్కవాటిలో ఏడుకు, మూలవాటిలో ఎనిమిదికి అరిగిపోతుంది. అంటే ఏడేళ్ల గుర్రానికి కింది మూలపళ్లలో గుంట ఇంకా కనబడాలి. పై మూలపంటి బయటివైపు నిలువుగా గోధుమరంగు గాడి ఒకటి పడుతుంది, గాల్వేన్ గాడి అంటారు. అది చిగురు దగ్గర పదేళ్లకు మొదలై, 15కు పంటి సగానికి, 20కి చివరిదాకా దిగుతుంది. ఏడేళ్లదన్న గుర్రానికి ఆ గాడి స్పష్టంగా కనిపిస్తే ఇక ప్రశ్నలు మీవి, నసుగుడు డీలరుది. అయితే పళ్లతో చెప్పే వయసు తొమ్మిదీ పదీ దాటాక అంచనా మాత్రమే. మేత గరుకుదనాన్ని బట్టి అరుగుదల మారుతుంది. అరిగిన పళ్లలో కొత్తగా గుంట చెక్కి, కాల్చి నల్లగా చేసే పాత మోసం కూడా ఉంది. చెక్కిన గుంట చుట్టూ అసలు గుంటకు ఉండే తెల్లటి ఎనామిల్ వలయం ఉండదు.

పళ్ల కంటే గట్టి సాక్ష్యం మైక్రోచిప్, అంటే గుర్రం ఒంట్లో పెట్టే చిన్న గుర్తింపు చిప్. మెడ ఎడమవైపు, తలకూ మూపుకూ నడుమ, జూలు కిందుగా ఉంటుంది, 15 అంకెల నంబరు. స్కానర్‌తో చదివి గుర్రం పాస్‌పోర్టు (దాని గుర్తింపు పుస్తకం) మీది నంబరుతో అంకె అంకె సరిచూడండి. పాస్‌పోర్టులోని బొమ్మలో నుదుటి మచ్చ, కాళ్ల తెలుపు, సుళ్లు గీసి ఉంటాయి. ఆ సుడి మంచిదా చెడ్డదా అన్న శకునాలు పక్కన పెట్టండి. బొమ్మలో ఉన్నచోటే గుర్రం మీదా ఉందా అన్నదే మనకు కావాల్సింది.

కాళ్ల దగ్గర తొందరపడకండి. ముందు గిట్టలు రెండూ ఒకే కొలతలో ఉన్నాయా, ఒకటి ఇరుగ్గా నిటారుగా ఉందా ఎదురుగా కూర్చుని చూడండి. గిట్ట మీద వలయాలుంటాయి. అవి ముందువైపు దగ్గరగా, మడమ వైపు ఎడంగా విచ్చుకుని ఉంటే ఎప్పుడో గిట్టవాపు వచ్చి తగ్గిందని గుర్తు. ఆ జబ్బు మళ్లీ మళ్లీ వస్తుంది. గిట్ట పైనున్న కీలు వెనకవైపు రెండు పక్కలా వేళ్లు ఆనిస్తే నాడి సన్నగా తగలాలి. ఎగిరెగిరి కొడుతుంటే గిట్టలో మంట ఉన్నట్టు. లాడాలు నిన్ననే కొట్టినవై, లాడానికీ గిట్టకూ మధ్య తోలు గానీ ప్లాస్టిక్ గానీ అట్ట ఉంటే ఎందుకు వేశారో అడగండి. తర్వాత గట్టి నేల మీద, పగ్గం వదులుగా పట్టించి, తిన్నగా పరిగెత్తించి చూడండి. ముందుకాలు నొప్పి ఉన్న గుర్రం నొప్పి కాలు నేల తాకినప్పుడు తల ఎత్తుతుంది, మంచి కాలు తాకినప్పుడు దించుతుంది. పగ్గాన్ని గడ్డం కింద బిగించి పట్టుకుని పరిగెత్తించే పనివాడు ఆ తల ఊపును కనబడనివ్వడు. వదలమనండి. ఆ పైన కళ్లు మూసుకుని చప్పుడు వినండి, ఒక దెబ్బ మెత్తగా పడుతుంటే చెవికి ముందే తెలుస్తుంది.

ఎక్కడం మొదట డీలరు మనిషి ఎక్కాలి. అతను ఎక్కనంటే మీ అమ్మాయినీ ఎక్కించకండి. ప్రాక్టీసు మైదానంలో గుండ్రంగా తిరగడం ఏ గుర్రమైనా చేస్తుంది. తోటి గుర్రాలను వదిలి ఒంటరిగా గేటు దాటుతుందా, పక్కనుంచి లారీ పోతే ఏం చేస్తుంది, బండి ఎక్కుతుందా, మైదానంలో వదిలితే పట్టుబడుతుందా, నాలుగు గిట్టలూ ఎత్తనిస్తుందా, జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి కొరకవస్తుందా, ఇవి చూడాలి. అమ్మాయి దూకించబోయే ఎత్తు ఎంతో, ఆ ఎత్తు డీలరు మనిషి దూకించి చూపించాలి.

గుర్రం ఒళ్లు కూడా గమనించండి. 1983లో డాన్ హెన్నెకె తయారుచేసిన 1 నుంచి 9 దాకా ఉండే కొలతలో పనిచేసే గుర్రం 5 దగ్గర ఉండాలి. పక్కటెముకలు కంటికి కనబడకుండా, చేత్తో తడిమితే తెలియాలి. ఎముకలు దూరం నుంచే కనబడి 3 దగ్గర ఉంటే దాని సాధుత్వం ఆకలిది కావచ్చు. మీ ఇంటికొచ్చి రెండు నెలలు మంచి మేత తిన్నాక అసలు స్వభావం బయటికొస్తుంది. కొన్న గుర్రం మారిపోయిందని బాధపడేవాళ్లలో చాలామంది విషయంలో గుర్రం మారలేదు, కడుపు నిండింది.

డీలరు చూపించిన వైద్య కాగితాన్ని కాదనక్కర్లేదు, కానీ అది మీ ప్రశ్నకు జవాబు కాదు. ఆ వైద్యుడు డబ్బు ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్లకే జవాబుదారీ. పరీక్ష ఫలితం ఆ రోజుకే చెల్లుతుంది. తేదీ చూడండి, ఏ పనికోసం పరీక్షించారో చూడండి. మీరు మీ వైద్యుణ్ణి పెట్టుకోండి, ఆ డీలరు గుర్రాలకు రోజూ వైద్యం చేసేవాడు కాకూడదు. పూర్తి పరీక్ష ఐదు అంచెల్లో సాగుతుంది. కదలకుండా నిలబెట్టి చూడడం, నడిపించి పరిగెత్తించడం, ఎక్కి గట్టిగా పని చేయించడం, విశ్రాంతి ఇచ్చి గుండె, ఊపిరి సర్దుకోవడం గమనించడం, మళ్లీ పరిగెత్తించడం. విశ్రాంతిలో గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు, ఊపిరి 8 నుంచి 16 సార్లు, ఒంటి వేడి 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. కీలును నిమిషంపాటు మడిచి పట్టుకుని వదిలిన వెంటనే పరిగెత్తించే పరీక్ష కూడా అడగండి, దాగిన కీళ్లనొప్పి అక్కడ పలుకుతుంది. "కంచెలు దూకించడానికి, 15 ఏళ్ల పిల్ల ఎక్కడానికి" అని వైద్యుడికి ముందే చెప్పండి. పాస్, ఫెయిల్ అని ఉండదు, ఈ పనికి పనికొస్తుందా అన్నదే ఉంటుంది.

ఒక్కటి మాత్రం మానొద్దు. అదే రోజు రక్తం తీయించి ల్యాబులో దాచిపెట్టించండి. మామూలుగా ఆరు నెలలు ఉంచుతారు. ఇప్పుడే పరీక్షించనక్కర్లేదు. వారం తర్వాత గుర్రం కుంటినా, కొత్తగా తన్నడం మొదలుపెట్టినా, ఆ సీసా తెరిపిస్తే ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పిమందు గానీ మత్తుమందు గానీ ఇచ్చి చూపించారా అన్నది తేలుతుంది. రక్తం తీయడానికి డీలరు అడ్డుచెబితే అక్కడితో ఆపేయండి.

అడ్వాన్సు ఇవ్వడం తప్పు కాదు, రసీదు లేకుండా ఇవ్వడం తప్పు. అందులో గుర్రం చిప్ నంబరు, మొత్తం ధర, ఏ తేదీదాకా ఆపుతాడు, వైద్య పరీక్షలో మీ పనికి తగదని తేలితే ఎన్ని రోజుల్లో పూర్తిగా తిరిగిస్తాడు, గుర్రం మీ చేతికి వచ్చేలోపు దానికేమైనా అయితే నష్టం ఎవరిది అన్నవి ఉండాలి. డీలరు "నచ్చకపోతే బదులు ఇంకో గుర్రం ఇస్తా" అంటే మురిసిపోకండి. బదులు గుర్రానికి ధర కట్టేదీ అతనే. డబ్బు వాపసు, ఎన్ని రోజుల్లో, రవాణా ఖర్చు ఎవరిది, ఇవి రాయించండి.

స్వభావం, జబ్బుల గురించిన ప్రశ్నలు నోటితో కాక మెసేజ్‌లో అడగండి. తన్నుతుందా, కొరుకుతుందా, ముందుకాళ్లు ఎత్తి నిలబడుతుందా, పట్టుతప్పి పరిగెత్తిందా? గత ఏడాదిలో కడుపునొప్పి, కుంటి, గిట్టవాపు వచ్చాయా? కీళ్లలో ఇంజెక్షన్లు వేయించారా? "నాకు తెలిసినంతవరకు లేదు" అని జవాబొస్తే, మీకు ఎన్నాళ్లుగా తెలుసు అని అడగండి. మూడు వారాల క్రితం కొన్నవాడికి తెలిసేది మూడు వారాల సంగతే. అప్పుడు అంతకుముందు యజమానితో, ఆ గుర్రాన్ని చూసిన వైద్యుడితో మాట్లాడించమనండి.

అన్నీ కుదిరి గుర్రం ఇంటికొస్తే రెండు మూడు వారాలు మిగతావాటికి దూరంగా కట్టండి, బకెట్, బ్రష్, పార విడిగా పెట్టండి. డీలరు లాయంలో నలుమూలల గుర్రాలు కలుస్తాయి. గొంతు గడ్డల రోగం, అదే స్ట్రాంగిల్స్, సోకాక బయటపడటానికి 3 నుంచి 14 రోజులు పడుతుంది. ముందు జ్వరం వస్తుంది, ముక్కు కారడం తర్వాత. అందుకే రోజుకు రెండుసార్లు ఒంటి వేడి రాసుకోండి. అక్కడ తిన్న మేతే కొన్నాళ్లకు సరిపడా అడిగి తెచ్చుకుని, 7 నుంచి 14 రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి, ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వస్తుంది. కళ్లెం కూడా అక్కడ వాడినలాంటిదే వాడండి, ఫొటో తీసుకోండి. ఏదైనా తేడా కనబడిన రోజే వీడియో తీసి డీలరుకు రాతలో పంపండి. నెలపాటు ఎక్కుతూ, సొంత వైద్యం చేయిస్తూ చివర్లో వాపసు అంటే మీ మాట నిలబడదు. తగాదా తేలేదాకా గుర్రాన్ని పోషించాల్సింది కూడా మీరే, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా.

ఈ రాత్రి డీలరుకు పంపాల్సిన మెసేజ్ ఇంతే: "గెల్డింగ్ నచ్చింది. అది మీ సొంతమా, వేరేవారిదా? మార్పిడి లేకుండా దాని రొక్కం ధర, మా గుర్రానికి మీరు ఇచ్చే రొక్కం ధర విడివిడిగా చెప్పండి. మా వైద్యుడితో పరీక్ష, అదే రోజు రక్తం తీసి దాచడం మాకు తప్పనిసరి. దీనికి ఒప్పుకుంటూ, తగదని తేలితే పూర్తి వాపసు అని రసీదు రాస్తే రేపు పొద్దున్నే అడ్వాన్సు తెస్తాం." రేపు సాయంత్రం వచ్చేవాళ్లు నిజంగా ఉంటే ఆయన పొద్దున్నకల్లా జవాబు ఇవ్వగలడు, ఆ కొద్ది వాక్యాలకు పట్టేది ఐదు నిమిషాలు.